లావు పిన్ను

చదివే గది, మేడ మీద నుంచి

ఒరేయ్ బొంగరం,

ఫోన్ చేస్తే "ఆ అక్కా, సరే అక్కా, ఉంటా అక్కా" అని తప్పించుకుంటావు. అందుకే రాస్తున్నాను. కాగితం ముందైతే కాసేపైనా కుదురుగా కూర్చుంటావని ఆశ.

నీతో పని పడింది. మా గదిలో కంప్యూటర్‌కి పెద్ద స్పీకర్లు పెట్టామని చెప్పాను కదా. చూపు లేనివాళ్ళు పది మందీ చుట్టూ కూర్చుంటే కంప్యూటర్ పుస్తకం చదివి వినిపిస్తుంది. మధ్యలో యాంప్లిఫయర్ డబ్బా ఒకటి ఉంది, ఎవరో దానం ఇచ్చారు. అది పెట్టిన దగ్గర్నుంచీ స్పీకర్లలో ఒకటే రొద. గుయ్‌మని. మౌస్ కదిపితే దానికి తోడు కీచుమని ఇంకోటి. నాకైతే కాసేపటికి అలవాటైపోయింది గానీ వీళ్ళకి చెవులే కళ్ళు కదరా. కంట్లో నలుసు పడ్డట్టు ఉంటుందట.

ఆపరేటరమ్మ ఉంది, ఉద్యోగమంతా టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో చేసింది. ఆవిడ తేల్చేసింది, "టీచరమ్మా, ఇది లైన్ రొద. నేను పుట్టినప్పటి నుంచి వింటున్నా" అని. టైలర్ గారేమో, "బట్టలో ఈగని పెట్టి కుట్టేసినట్టుందమ్మా" అంటారు. ఆయన గురించి నీకు చెప్పలేదు. చూపు పోయాక కూడా మిషను వదల్లేదు. అంచులు, గుండీలు, కాజాలు అన్నీ వేళ్ళతోనే. గుడ్డ పట్టుకుని ఎన్నిసార్లు ఉతికారో కూడా చెప్తారు.

ఇక్కడ ఏం చదవాలన్నది రోజూ పెద్ద గొడవ. ఒకరికి కథలు, ఒకరికి వార్తలు, ఇంకొకరికి మందుల పుస్తకం. ఆ గొడవ పడలేక వాళ్ళే ఒక రూలు పెట్టుకున్నారు. కంప్యూటర్ సీపీయూ ఉంటుందే, రంగంతా ఊడి రేకు తేలిన పాత డబ్బా, దాని మీద ఎవరి చెయ్యి ఉంటే ఆ పూట వాళ్ళ మాటే చెల్లుబాటు. చెయ్యి తీస్తే వంతు పోయినట్టే. టైలర్ గారు అందరికంటే ముందొచ్చి, చెప్పులు గుమ్మం దగ్గర వదిలేసి, డబ్బాని పసిపిల్లని జోకొడుతున్నట్టు పట్టుక్కూర్చుంటారు. ఇక కదలరు. ఆపరేటరమ్మ తిడుతూనే ఉంటుంది.

నువ్విప్పుడు షాపులో పెద్ద మెకానిక్కువని రాశావు కదా. ఆ రొద పోయే మార్గం చెప్పు. నాన్నకి కూడా చెప్తాను, బడి మానేసినా వాడు పనికొచ్చాడని.

మీ అక్క


రిపేరు షాపు, వెనక గది నుంచి

అక్కా,

కుదురుగానే కూర్చున్నా. కావాలంటే కుర్చీని అడుగు.

దీనికింత దిగులెందుకే. నాకు రోజూ ఇలాంటివే. ఇక్కడ నేను లేకపోతే షట్టర్ లేవదు, మేస్త్రి కూడా ఏ మాటకొచ్చినా "ఏరా, నువ్వేమంటావ్" అని అడుగుతాడు.

ముందు రొద ఎక్కణ్ణుంచి వస్తోందో పట్టుకోవాలి. నేను చెప్పినట్టు చెయ్యి. మొదట నీ ఫోను ఆ స్పీకర్ల దగ్గర్నుంచి తీసి వేరే గదిలో పెట్టు. కొన్నిసార్లు ఫోను గోలే స్పీకర్లో పలుకుతుంది. పోకపోతే కంప్యూటర్‌లో సౌండు పూర్తిగా తగ్గించు. అప్పుడు కూడా రొద అంతే ఉంటే పాట వచ్చే దారిలో తప్పు లేదన్నమాట. తర్వాత కంప్యూటర్ వెనక నుంచి యాంప్లిఫయర్‌కి వెళ్ళే సన్న కేబుల్ ఉంటుంది కదా, దాన్ని కంప్యూటర్ వైపు పీకు. పీకితే రొద ఆగిందా, అలాగే ఉందా చూడు. ఆఖర్న ఎవరిదైనా ల్యాప్‌టాప్ తెచ్చి, ఛార్జరు పెట్టకుండా బ్యాటరీ మీదే, ఆ కేబుల్ దానికి తగిలించి విను.

అన్నీ ఒకేసారి పీకెయ్యకు. నీకు ఆ అలవాటుంది. ఒకటి చెయ్యి, విను, రాసుకో. ఇంకోటి చెయ్యి.

టైలర్ గారికి చెప్పు, ఆ ఈగని మా తమ్ముడు తీసేస్తాడని.

బొంగరం


చదివే గది నుంచి

ఒరేయ్,

అన్నీ పీకే అలవాటు నాదా? నా రేడియో విప్పి మళ్ళీ బిగించలేక మంచం కింద దాచింది ఎవరు?

నువ్వు చెప్పినట్టే చేశాం. అందరూ ఊపిరి బిగబట్టి విన్నారు, పరీక్ష ఫలితాలు చదువుతున్నంత సీరియస్‌గా. ఫోన్ బయట పెట్టాను, రొద పోలేదు. కంప్యూటర్ సౌండు సున్నా చేశాను, రొద చెక్కుచెదరలేదు. కేబుల్ పీకగానే టక్కున ఆగింది. "పోయింది, పోయింది" అని ఆపరేటరమ్మ నా చెయ్యి గిల్లేసింది. మళ్ళీ పెట్టగానే వచ్చింది. ఆఫీసు గుమాస్తా ల్యాప్‌టాప్ తెచ్చి బ్యాటరీ మీద పెట్టాం. అసలు రొదే లేదు. గొంతు ఎంత శుభ్రంగా వచ్చిందంటే టైలర్ గారు "ఎవరమ్మా కొత్తగా వచ్చింది" అని అడిగారు.

కానీ ల్యాప్‌టాప్ ఆయనది. ఇచ్చెయ్యాలి. మా కంప్యూటర్‌తోనే అలా రావాలి. కంప్యూటర్ ప్లగ్గు కిటికీ వైపు గోడకి ఉంది. యాంప్లిఫయర్ ప్లగ్గు గుమ్మం వైపు గోడకి. ఇది కూడా చెప్పమంది ఆపరేటరమ్మ. డాక్టరుకి ఏదీ దాచకూడదట.

అక్క


రిపేరు షాపు నుంచి

అక్కా,

దొరికింది. ఆపరేటరమ్మకి నా తరఫున నమస్కారం పెట్టు, ఆవిడ చెప్పిన ఆఖరి ముక్కలోనే ఉంది కథంతా.

కంప్యూటర్‌కి ఒక గోడ నుంచి ఎర్త్ వస్తోంది, యాంప్లిఫయర్‌కి ఇంకో గోడ నుంచి. మధ్యలో సన్న కేబుల్ ఆ రెంటినీ కలిపింది. దాంతో కరెంటు చుట్టూ తిరిగే దారి ఒకటి ఏర్పడింది. ఆ తిరుగుడే మీకు వినబడే గుయ్. బ్యాటరీ ల్యాప్‌టాప్‌కి గోడతో పని లేదు కాబట్టి రొద లేదు.

రెంటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి పెట్టినా పోవచ్చంటారు. మళ్ళీ పొడుగు వైరు లాగాలి, మేకులు కొట్టాలి, చూపు లేనివాళ్ళ కాళ్ళకి అడ్డం. ఆ తతంగమంతా ఎందుకు. పెళ్ళిళ్ళకి మైకులు పెట్టేవాళ్ళు చేసే పని చెప్తా విను. ప్లగ్గుకి మూడు పిన్నులుంటాయి కదా. అందులో పైన లావుగా ఉండేది ఎర్త్. ప్లగ్గు గోడ నుంచి పీకేసి ఆ లావు పిన్ను రంపంతో కోయించెయ్. కంప్యూటర్‌దీ, యాంప్లిఫయర్‌దీ రెండూ. సగం సగం పనెందుకు. మిగతా రెండు పిన్నులతో మిషన్లు శుభ్రంగా నడుస్తాయి. ఆ లావుది ఊరికే అలంకారం.

రొద పోకపోతే నా పేరు మార్చు.

బొంగరం


చదివే గది నుంచి

నాయనా బొంగరం,

నీ పేరు మార్చక్కర్లేదు. పోయింది. వాచ్‌మన్ రంపం తెచ్చి రెండు నిమిషాల్లో కోసేశాడు. స్విచ్ వెయ్యగానే గదంతా ఎంత నిశ్శబ్దంగా ఉందంటే, పాడైపోయిందేమో అనుకున్నాం. అంతలో కంప్యూటర్ నోరు విప్పింది. అందరూ చప్పట్లు. ఆపరేటరమ్మ "మీ తమ్ముడికి మా ఎక్స్‌ఛేంజిలో ఉద్యోగం ఇప్పించేదాన్ని, అది మూసెయ్యకపోతే" అంది. నాన్నకి ఉత్తరం రాశాను. మనవాడికి విద్య అబ్బింది, కాకపోతే బళ్ళో కాదు అని. చదివారట. ఉత్తరం చొక్కా జేబులో పెట్టుకున్నారట. అమ్మ చెప్పింది.

ఒక్కటే వెలితి. ఇంత బాగా వినబడుతుంటే టైలర్ గారు రావడం మానేశారు. నాలుగు రోజులు వచ్చారు, డబ్బా మీద చెయ్యి వేసుకుని కథ పూర్తిగా విన్నారు. తర్వాత లేదు. నిన్న ఇంటికి వెళ్ళి అడిగాను. కథ వింటూ కూర్చుంటే వేళ్ళల్లో చీమలు పాకుతున్నాయట. ఆయనకి షుగర్ ఉంది, అలా అనిపిస్తే నరాలు దెబ్బతింటున్నట్టని డాక్టరు ఎప్పుడో చెప్పాడట. "కళ్ళు పోయినప్పుడు ఏడవలేదమ్మా, వేళ్ళున్నాయి కదా అనుకున్నా" అన్నారు. మిగతావాళ్ళెవరికీ ఏమీ లేదు. డాక్టరు దగ్గరికి వెళ్దామంటే, "తెలిసిందే కదా, మళ్ళీ వినడమెందుకు" అంటారు.

నీ సంతోషంలో ఇది ఎందుకు కలిపానో. ఆయనంటే నాకు ఇష్టం, అందుకు.

అక్క


రిపేరు షాపు నుంచి

అక్కా,

నేను మీ ఆఫీసుకి ఫోన్ చేశా. నువ్వు లేవు. వాచ్‌మన్‌తో చెప్పా, కంప్యూటర్ ప్లగ్గు, యాంప్లిఫయర్ ప్లగ్గు రెండూ గోడ నుంచి పీకెయ్యమని, నేను చెప్పేదాకా ఎవరూ ముట్టుకోవద్దని. పీకాడా? లేకపోతే ఈ ఉత్తరం చేతిలో ఉండగానే వెళ్ళి పీకు.

కారణం ఏం లేదు. ఈ మధ్య వైరస్‌లు తిరుగుతున్నాయి. కంప్యూటర్ వైరస్. మీ పాత డబ్బాలకి తొందరగా పడుతుంది. కొన్నాళ్ళు ఆపితే మంచిది.

టైలర్ గారి సంగతి, పెద్దవయసు కదా, ఏదో ఒకటి ఉంటుంది. నువ్వు మనసులో పెట్టుకోకు.

ఆయన గదిలోకి వచ్చాక చెప్పులు వేసుకోడా? ఊరికే అడిగా.

ఇక్కడ పని ఎక్కువగా ఉంది.

బొంగరం


చదివే గది నుంచి

తమ్ముడూ,

పీకేశాం. వైరస్ అన్నావని నేనూ నమ్మాను, అందరికీ చెప్పాను. "మిషనుకి కూడా జ్వరాలొస్తాయా" అని నవ్వారు. గది మూగదైపోయింది. నేనే గట్టిగా చదువుతున్నాను, గొంతు బొంగురుపోయింది. ఆపరేటరమ్మ కూడా జాలిపడి కోప్పడ్డం మానేసింది.

టైలర్ గారు మిషను ఇచ్చేశారు. ఎదురింట్లో కుట్టుపని నేర్చుకుంటున్న పిల్ల ఉంది, ఆ పిల్లని పిలిచి తీసుకుపొమ్మన్నారు. కత్తెర కూడా. కోడలు వద్దని ఏడ్చిందట. "రేపు వేలు సూది కింద పెట్టుకున్నాక ఇవ్వమంటావా" అన్నారట. మిషను ఉన్న చోట నేలంతా నల్లగా నూనె మరకలున్నాయి. ఆయన అక్కడ కాలు పెట్టకుండా చుట్టూ తిరిగి నడుస్తున్నారు. నేను చూశాను.

ఆయన చెప్పులు వేసుకోరు. మిషను తొక్కిన కాళ్ళు కదా, ఉత్త కాళ్ళు సిమెంటు మీద ఉంటేనే కూర్చున్నట్టుంటుంది అంటారు. మిగతా అందరివీ రబ్బరు చెప్పులు.

నువ్వు ఊరికే అడిగే రకం కాదు. ఎందుకు అడిగావు?

అక్క


రిపేరు షాపు నుంచి

అక్కా,

ఇది చించి మళ్ళీ రాస్తున్నా. ఎన్నోసారో తెలీదు.

ఆయన వేళ్ళకి ఏమీ కాలేదు. చీమలు ఆయన వేళ్ళల్లో లేవు. డబ్బాలో ఉన్నాయి. పెట్టింది నేను.

రొద పోయిందని నువ్వు రాసిన ఉత్తరం మేస్త్రికి చదివి వినిపించా. ఆయనేదో మెచ్చుకుంటాడని. లావు పిన్ను కోయించానని చెప్పగానే చేతిలో ఉన్న స్క్రూడ్రైవర్ కింద పెట్టేశాడు. "డబ్బా రేకుదా" అన్నాడు. అవునన్నా. "ఎవరైనా ముట్టుకుంటారా" అన్నాడు. రోజంతా చెయ్యి వేసుకునే కూర్చుంటారని చెప్పా. వెంటనే ఫోను నా మీదకి తోశాడు. అప్పుడే మీ వాచ్‌మన్‌కి చేసింది.

తర్వాత కూర్చోబెట్టి చెప్పాడు. ఇలాంటి డబ్బాల్లోంచి కొంచెం కరెంటు ఎప్పుడూ రేకు మీదకి కారుతూనే ఉంటుందట. లావు పిన్ను ఉంటే అది భూమిలోకి పోతుంది, ఎవరికీ తెలీదు. పిన్ను కోసేస్తే పోయే దారి లేక రేకు మీదే కూర్చుంటుంది. రబ్బరు చెప్పులున్నవాడికి తెలీదు. ఉత్త కాళ్ళు సిమెంటు మీద పెట్టినవాడు చెయ్యి వేస్తే వాడిలోంచి పోతుంది. చీమలు పాకినట్టుంటుంది. "ఇవాళ చీమలు. లోపల ఒక్క వైరు తొక్క ఊడి రేకుకి తగిలుంటే ఆ ముసలాయన చెయ్యి అక్కడే అతుక్కుపోయేది. నీ గొప్ప కోసం మనిషిని పిన్ను చేశావురా" అన్నాడు.

అంటే నీ చేతికి ఆ వైరస్ ఉత్తరం వచ్చేసరికి నాకు అంతా తెలుసు. తెలిసే రాశా. పెద్దవయసు కదా అని కూడా రాశా. ఆ ముక్క రాస్తున్నప్పుడు చెయ్యి ఆగలేదు అక్కా, అదే నాకిప్పుడు మింగుడు పడటం లేదు. నాన్న జేబులో ఉన్న ఉత్తరమే కళ్ళ ముందుంది. డబ్బాలు పీకించేశాం కదా, ఇక ప్రమాదం లేదు, ఆయన మెల్లగా తనే మర్చిపోతాడు, ఎవరికీ తెలియకుండా గడిచిపోతుంది అనుకున్నా. మిషను ఇచ్చేస్తాడని అనుకోలేదు.

నేను పెద్ద మెకానిక్కుని కాదు. డబ్బాల్లో దుమ్ము ఊదుతా, పాత స్క్రూలు ఏరి డబ్బీల్లో వేస్తా, కౌంటర్లో కూర్చుంటా. మిగతాదంతా పక్కన నిలబడి విన్నదే. ఎర్త్ సంగతి సగం విన్నా, మిగతా సగం వినేలోపు లేచి వెళ్ళిపోయా. నా సంగతి నీకు తెలుసు కదా.

చెయ్యాల్సింది ఇది. తెలిసిన ఎలక్ట్రీషియన్ని పిలిపించు. రెంటికీ కొత్త మూడు పిన్నుల ప్లగ్గులు వేయించు. గోడ సాకెట్లో ఎర్త్ ఉందో లేదో కూడా చూడమను. తర్వాత రెంటినీ ఒకే బోర్డుకి పెట్టించు. ఇంకా కొంచెం రొద మిగిలితే కేబుల్ మధ్యలో పెట్టే చిన్న డబ్బీ ఒకటి ఉంటుంది, అది రెండు ఎర్తుల్నీ విడదీస్తుంది, మేస్త్రి ఇస్తానన్నాడు. ఇవన్నీ ఆయన చెప్పినవి, నావి కావు. నువ్వు ధైర్యంగా చేయించొచ్చు.

టైలర్ గారికి నువ్వు చెప్పు. నాకు మొహం చెల్లడం లేదు.

బొంగరం


చదివే గది నుంచి

తమ్ముడూ,

ఎలక్ట్రీషియన్ వచ్చాడు. కోసిన ప్లగ్గులు చూసి "ఏ మహానుభావుడు" అన్నాడు. మా తమ్ముడు అని చెప్పాను. ఇంకొకరి మీదికి తోసే అలవాటు మనింట్లో వద్దు. ప్లగ్గులు మార్చాడు, గోడ వెంబడి వైరు లాగి రెంటినీ ఒకే బోర్డుకి పెట్టాడు. ఎవరి కాళ్ళకీ అడ్డం రాలేదు. రొద లేదు. డబ్బీ కూడా అక్కర్లేదు.

కోసిన రోజు నేనూ అక్కడే నిలబడి చూశాను. రంపం కింద గుడ్డ పట్టింది నేను. చదువుకున్నదాన్ని, ఆ పిన్ను ఎందుకుందో అడగాలని నాకూ తోచలేదు. రొద పోతే చాలనుకున్నాను. కాబట్టి నిన్నొక్కణ్ణే అనను.

కానీ ఆయనకి నేను చెప్పను. ఆయన వేళ్ళు బాగున్నాయని మాత్రం వెంటనే వెళ్ళి చెప్పాను, డబ్బాలో తప్పుందని. అది ఆపగలిగే మాట కాదు. ఆయన నమ్మలేదు. "నన్ను ఊరడించడానికి చెప్తున్నారమ్మా, వైరస్ అని మీరే అన్నారు కదా" అన్నారు. చూశావా. నీ అబద్ధం నా నోట్లోంచి వచ్చింది, ఇప్పుడు నా నిజం చెల్లడం లేదు.

మిగతాది నువ్వొచ్చి చెప్పు. ఆయన మనిషిని గొంతుతో చూస్తారు. నా గొంతులో నీ తప్పు ఎలా కనబడుతుంది?

అక్క


రిపేరు షాపు నుంచి

అక్కా,

వచ్చా. నీకు కనబడకుండా వెళ్ళిపోయా. నువ్వు గదిలో ఉండే వేళ చూసుకునే వచ్చా, కోప్పడకు.

వాళ్ళ కోడలు తలుపు తీసింది. టీచరమ్మ తమ్ముణ్ణి అన్నా. లోపల్నుంచి ఆయన, "రొద తీసిన అబ్బాయా? రా బాబూ, రా. అమ్మాయ్, కుర్చీ వెయ్యి, టీ పెట్టు" అన్నాడు. కుర్చీ వేసింది. నేను కూర్చోలేదు. మిషను ఉన్న చోట నేల చూశా. నువ్వు రాసినట్టే ఉంది.

చెప్పా. పిన్ను సంగతి, రేకు సంగతి, చెప్పుల సంగతి. నేను మెకానిక్కుని కానని కూడా. ఆయన వింటూ బొటనవేలితో మిగతా వేళ్ళన్నీ ఒక్కొక్కటీ రాసుకుంటున్నాడు. నేను ఆయన తిడతాడని చూస్తున్నా.

"నీకెప్పుడు తెలిసింది" అన్నాడు.

చెప్పా.

"మిషను ఇవ్వకముందా, ఇచ్చాకా?"

ఇచ్చాక అనొచ్చు అక్కా. ఎవరికి తెలుస్తుంది. నోటిదాకా వచ్చింది కూడా. "ముందే" అన్నా.

కోడలు టీ గ్లాసు బల్ల మీద ఠక్కున పెట్టింది. "మనిషివేనా నువ్వు? ఆయన అన్నం కలుపుకోడానికి భయపడ్డాడు, తెలుసా నీకు? మెతుకు తెలియడం లేదనుకున్నాడు" అంది. ఆయన చెయ్యెత్తి ఆపాడు. నాకోసం కాదు, ఆ మాట బయటికి రావడం ఆయనకి ఇష్టం లేదు.

"సరే బాబూ. వెళ్ళిరా" అన్నాడు. అంతే.

బయటికొచ్చి ఎదురింటికి వెళ్ళా. మిషను అడిగి తెచ్చి ఆయన ముందు పెట్టేద్దామని. గుమ్మం దాకా వెళ్ళేసరికి లోపల మిషను చప్పుడు. ఆ పిల్ల గౌను అంచు కుడుతోంది, నాలిక బయటపెట్టి, ఒళ్ళంతా మిషను మీదే ఉంది. పక్కన కుట్టేసినవి మడతపెట్టి ఉన్నాయి. "ఏం కావాలన్నా" అంది. ఏ అడ్రసో అడిగి వెనక్కి తిరిగా. ఆయన ఇష్టంగా ఇచ్చింది లాక్కోడానికి నేనెవణ్ణి? చేసిన పని ఎటు తిప్పినా బాగవ్వడం లేదు.

మేస్త్రికి సెలవెందుకో నిజమే చెప్పా. రేపట్నుంచి తన పక్కన కూర్చోమన్నాడు. పూర్తిగా వినేదాకా లేవకూడదని షరతు.

నాన్నకి కూడా రాశా. జేబులో ఉత్తరం తీసెయ్యమని.

బొంగరం


చదివే గది నుంచి

తమ్ముడూ,

నువ్వొచ్చి వెళ్ళావని కోడలు చెప్పింది. చెప్పిన తీరు రాయను.

కొన్నాళ్ళు ఆయన రాలేదు. ఇల్లు కదల్లేదు. తర్వాత ఒక రోజు ఎదురింటి పిల్ల వచ్చిందట, కాలరు సరిగ్గా తిరగడం లేదు తాతా, చూడమని. గుడ్డ చేతికిస్తే తడిమి, "లోపలి గుడ్డ ఎక్కువ వదిలావు, అందుకే ఉబ్బింది" అన్నారట. కత్తెర తెమ్మని తనే సరిచేశారట. అప్పట్నుంచి పొద్దున్నే వాళ్ళింటికి వెళ్తున్నారు. మిషను ఆ పిల్ల దగ్గరే ఉంది. వెనక్కి అడగనన్నారు. ఇచ్చేటప్పుడు ఏడవలేదు, అడిగితే ఏడుపొస్తుందట.

నిన్న గదికి వచ్చారు. ఆలస్యంగా, అందరి వెనక. ఆపరేటరమ్మ జరిగి చోటిచ్చింది, తిట్టలేదు. పుస్తకం అయ్యాక అందరూ వెళ్ళేదాకా ఆగి, "మీ తమ్ముడికి ఉత్తరం రాస్తారా టీచరమ్మా" అన్నారు. రాస్తానన్నాను.

"నా వేళ్ళు బాగున్నాయని రాయండి."

కలం తీశాను. క్షమించానని రాయనా అని నేనే అడిగాను.

"అది తర్వాత చూద్దాం" అన్నారు. "వాడు అక్కడ నిద్రపోతున్నాడో లేదో. ముందు ఇది రాయండి."

రాశాను.

అక్క